వేట రైఫిల్‌కు బుల్లెట్ ఎంపికలో ముందు చూడవలసింది నిర్మాణం

సంపాదకులకు నమస్కారం.

పెద్ద జంతువుల వేటకు వాడే రైఫిళ్లకు తూటాలను సొంతంగా తయారు చేసుకునే పద్ధతి గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. ఇత్తడి గుల్లల తనిఖీ, తుపాకిమందు తూచే తీరు, దాన్ని రాజేసే ప్రైమర్లను భద్రపరచడం వంటి విషయాలను వ్యాసకర్త ఓపికగా, స్పష్టంగా వివరించారు. అయితే బుల్లెట్‌ను ఎంచుకోవడం గురించి రాసిన ఒక్క పేరా పాఠకులను తప్పుదారి పట్టిస్తుందని నా ఆందోళన. తమ రైఫిల్ కాలిబర్‌లో, అంటే గొట్టపు వ్యాసానికి సరిపోయేలా దొరికే వాటిలో గాలిని బాగా చీల్చుకుపోయేదాన్ని, కాగితం మీద రంధ్రాలు దగ్గరదగ్గరగా పడేదాన్ని తీసుకుంటే సరిపోతుందని ఆ పేరా సారాంశం. కాగితానికి గురిపెట్టేవారికి అది మంచి సలహాయే కావచ్చు. చట్టబద్ధమైన అనుమతితో దుప్పి, ఎల్క్, మూస్ అనే పెద్ద జింక జాతులు, అడవిదున్న వంటి పెద్ద జంతువుకు గురిపెట్టేవారికి మాత్రం అది ప్రమాదకరమైన సలహా. దాని ఫలితాన్ని అనుభవించేది తుపాకీ పట్టుకున్నవాడు కాదు, గాయంతో పొదల్లోకి పారిపోయి గంటల తరబడి బాధపడే జంతువు. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడుగైనా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

తూటాలో నాలుగు భాగాలుంటాయి: ఇత్తడి గుల్ల, ప్రైమర్, మందు, బుల్లెట్. వీటిలో మొదటి మూడింటి పని గొట్టం చివరి దాకానే. జంతువును తాకేది, ఎముకను విరిచేది, ఊపిరితిత్తుల దాకా చేరవలసింది బుల్లెట్ ఒక్కటే. మందు విషయంలో అర గ్రెయిన్ (మందునూ బుల్లెట్‌నూ తూచే చిన్న కొలత) తేడా గురించి రాత్రంతా చర్చించుకునేవారు సైతం బుల్లెట్ దగ్గరికి వచ్చేసరికి పెట్టె మీది బొమ్మ చూసి కొనడం మామూలైపోయింది. ఈ క్రమం తలకిందులు కావాలి. ఏ జంతువును, ఎంత దూరంలో, ఏ కోణం నుంచి కొట్టవలసి రావచ్చు, ఆ దూరంలో బుల్లెట్ ఎంత వేగంతో తాకుతుంది అన్న ప్రశ్నలతో మొదలుపెట్టి, వాటికి తగిన బుల్లెట్ నిర్మాణాన్ని నిర్ణయించుకుని, ఆ తర్వాతే బరువు గురించి, ఆకారం గురించి, చివరగా మందు గురించి ఆలోచించాలి.

దుకాణంలో కొన్న తూటాకూ సొంతంగా చేసుకున్న తూటాకూ ఇక్కడ ఒక ముఖ్యమైన తేడా ఉంది. కర్మాగారంలో తూటాను తయారు చేసేవారు ఏ బుల్లెట్ ఏ వేగానికి తగినదో చూసి జత కలుపుతారు. సొంతంగా చేసుకునేవారికి ఆ కాపు ఉండదు. .30-30 వించెస్టర్ అనే పాత తూటాను చూడండి. 1895 నాటి ఆ తూటాలో 170 గ్రెయిన్ల బుల్లెట్ గొట్టం దాటేటప్పటికి సెకనుకు సుమారు 2200 అడుగుల వేగంతో వెళ్తుంది. అంత తక్కువ వేగంలోనూ విచ్చుకోవాలి కాబట్టి ఆ బుల్లెట్‌ను మెత్తగా, పలుచని రాగి తొడుగుతో చేస్తారు. దాని వ్యాసం .308 అంగుళం. 1963లో వచ్చిన, ఎక్కువ వేగమిచ్చే .300 వించెస్టర్ మ్యాగ్నమ్ అనే తూటా బుల్లెట్ వ్యాసమూ అదే. అంటే ఆ మెత్తని బుల్లెట్‌ను మ్యాగ్నమ్ గుల్లలో కూర్చోబెట్టడానికి ఏ అడ్డూ లేదు, పనిముట్లు కూడా హెచ్చరించవు. కానీ సెకనుకు 3000 అడుగుల వేగంతో బయల్దేరి దగ్గర్లోనే ఉన్న ఎల్క్ జబ్బ ఎముకను తాకితే అది లోపలికి వెళ్లకముందే చిట్లిపోతుంది. పైన పళ్లెమంత గాయం కనిపిస్తుంది, ప్రాణాధారమైన అవయవాలు మాత్రం చెక్కుచెదరవు. 1873 నాటి .45-70 కోసం చేసిన మెత్తని బుల్లెట్లను అదే .458 అంగుళం వ్యాసమున్న .458 వించెస్టర్ మ్యాగ్నమ్‌లో పూర్తి వేగంతో వాడి, ఎదురుగా వచ్చే అడవిదున్న మీద ప్రయోగించేవారికి ఎదురయ్యే ముప్పు ఇంకా పెద్దది, ఎందుకంటే అక్కడ ప్రమాదం జంతువుకు మాత్రమే పరిమితం కాదు. వ్యాసం సరిపోయినంత మాత్రాన బుల్లెట్ సరిపోయినట్టు కాదన్న ఈ ఒక్క విషయాన్ని మీ వ్యాసం చెప్పి ఉంటే నేను కలం పట్టేవాణ్ని కాదు.

నిర్మాణం గురించి కొంత వివరంగా చెప్పాలి. అన్నిటికంటే పాతదీ చౌకైనదీ రాగి తొడుగులో సీసపు గుండె ఉన్న మామూలు బుల్లెట్. దుప్పి స్థాయి జంతువులకు, మధ్యస్థ వేగాల్లో, పక్క నుంచి ఊపిరితిత్తులకు గురిపెట్టినప్పుడు ఇది చక్కగా పనిచేస్తుంది. ఖరీదైనవి వచ్చాయి కదా అని దీన్ని చిన్నచూపు చూడనవసరం లేదు. దీని బలహీనత ఎక్కువ వేగంలో బయటపడుతుంది: గట్టి ఎముకను తాకినప్పుడు తొడుగు ఒక వైపు, సీసం ఒక వైపు విడిపోవచ్చు.

ఈ బలహీనతే ఒక కొత్త ఆలోచనకు దారితీసింది. 1946లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో జాన్ నోస్లర్ ఒక మూస్‌ను .300 హాలండ్ అండ్ హాలండ్ మ్యాగ్నమ్‌తో కొట్టినప్పుడు, బురద పూసుకుని ఉన్న ఆ జంతువు శరీరంలోకి ఆయన బుల్లెట్లు తగినంత లోతుకు దిగలేదు. దాంతో ఆయన బుల్లెట్ మధ్యలో రాగి అడ్డుగోడ ఉండేలా పార్టిషన్ అనే బుల్లెట్‌ను రూపొందించి, 1948లో అమ్మకానికి తెచ్చారు. ముందు భాగంలోని సీసం సులువుగా విచ్చుకుంటుంది, అడ్డుగోడ వెనక ఉన్న భాగం చెదరకుండా లోపలికి దూసుకుపోతుంది. ఇందులో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది ఆయన ఆలోచించిన దిశ. తగినంత వేగం ఉన్న రైఫిల్ చేతిలో ఉండగా ఆయన ఇంకా ఎక్కువ వేగాన్ని కోరుకోలేదు. ఏడు దశాబ్దాలు దాటినా పార్టిషన్ ఇప్పటికీ అమ్ముడవుతోంది.

తరువాత కాలంలో సీసాన్ని కరిగించి తొడుగుకు అతికించే పద్ధతి వచ్చింది. ఇలాంటి బాండెడ్ బుల్లెట్లలో సీసం, రాగి విడిపోవు కాబట్టి ఎముకను తాకినా బరువులో అధిక భాగం మిగులుతుంది. స్విఫ్ట్ ఎ-ఫ్రేమ్ వంటివి అడ్డుగోడనూ అతుకునూ కలిపి వాడుకున్నాయి. మరో మార్గం సీసాన్ని పూర్తిగా వదిలేయడం. 1980ల చివర్లో బార్న్స్ కంపెనీ తెచ్చిన ఎక్స్ బుల్లెట్ మొత్తం రాగితో చేసింది. ముందు భాగంలోని బోలు తాకిడికి నాలుగు రేకులుగా విచ్చుకుంటుంది, బరువు దాదాపుగా తగ్గదు. నిర్మాణంలో చివరి కొస సాలిడ్ బుల్లెట్లు. ఇవి విచ్చుకోవడానికి ఉద్దేశించినవి కావు, ఏనుగు కపాలం వంటి దాన్ని నేరుగా ఛేదించడానికి చేసినవి.

సాలిడ్‌ల ప్రస్తావన వచ్చింది కాబట్టి డబ్ల్యు.డి.ఎమ్. బెల్ గురించి చెప్పాలి. గత శతాబ్దపు తొలి దశకాల్లో ఆఫ్రికాలో వెయ్యికి పైగా ఏనుగులను వేటాడిన ఆయన, వాటిలో ఎక్కువ భాగాన్ని 7×57 మౌజర్ అనే చిన్న కాలిబర్‌తో కొట్టారు. చిన్న కాలిబర్ చాలని వాదించేవారు ఈ సంగతిని తరచూ ఉదాహరిస్తారు. ఆయన వాడింది గుండ్రని ముక్కు ఉన్న, పొడవైన, వంగని, విచ్చుకోని 173 గ్రెయిన్ల బుల్లెట్ అనీ, ఏనుగు తలలో మెదడు ఏ కోణం నుంచి ఎక్కడుంటుందో ఆయన శ్రద్ధగా అధ్యయనం చేశారనీ మాత్రం చెప్పరు. అదే రైఫిల్‌లో దుప్పి కోసం చేసిన మెత్తని బుల్లెట్ వేసి ఉంటే ఫలితం పూర్తిగా వేరుగా ఉండేది. నేడు ఆఫ్రికాలో అనేక చోట్ల అడవిదున్న, ఏనుగు వంటి ప్రమాదకర జంతువులకు .375 కాలిబర్‌ను కనీసంగా నిర్ణయించడం సబబే. అయితే ఆ .375లో కూడా ఏ బుల్లెట్ ఉందన్న ప్రశ్న మిగిలే ఉంటుంది.

ఇక వేగం సంగతి. గొట్టం దగ్గర కొలిచే వేగం గురించి అందరూ మాట్లాడతారు కానీ, బుల్లెట్‌కు తెలిసేది జంతువును తాకేటప్పటి వేగం మాత్రమే. .300 మ్యాగ్నమ్‌లో 180 గ్రెయిన్ల మొనదేరిన బుల్లెట్ ముప్పై గజాల్లో సెకనుకు 2900 అడుగుల దరిదాపు వేగంతో తాకితే, నాలుగు వందల గజాల్లో 2200 దరిదాపుకు పడిపోతుంది. అదే బరువును .308 వించెస్టర్‌లో వాడితే నాలుగు వందల గజాల్లో సుమారు 1900 మిగులుతుంది. వేట బుల్లెట్లలో చాలావాటికి సరిగా విచ్చుకోవడానికి సెకనుకు సుమారు 1800 అడుగులు కావాలి. మొత్తం రాగితో చేసిన వాటిలో కొన్నింటికి అంతకంటే ఎక్కువే అవసరం. దూరపు గురికి పొడవుగా చేసిన బుల్లెట్లలో కొన్ని అంతకంటే తక్కువలోనూ విచ్చుకుంటాయి, కానీ అవే దగ్గర్లో, ఎక్కువ వేగంలో అతిగా చిట్లుతాయి. తయారీదారులు ఈ కనిష్ఠ, గరిష్ఠ వేగాలను ప్రకటిస్తున్నారు. తూటా చేసుకునేవారు తమ రైఫిల్ వేగాన్ని క్రోనోగ్రాఫ్‌తో కొలుచుకుని, తాము కొట్టగలిగే అత్యల్ప దూరం, అత్యధిక దూరం రెండూ ఆ హద్దుల మధ్యలో పడుతున్నాయో లేదో చూసుకోవాలి. అత్యధిక దూరాన్ని లెక్కించేవారు చాలామందే ఉన్నారు, దట్టమైన అడవిలో ఇరవై గజాల్లో ఎదురయ్యే సందర్భాన్ని లెక్కించేవారు అరుదు. మ్యాగ్నమ్ వాడేవారికి నిజమైన పరీక్ష అక్కడే ఎదురవుతుంది.

బరువును పోల్చడానికి సెక్షనల్ డెన్సిటీ అనే కొలత వాడతారు. బుల్లెట్ బరువును పౌన్లలోకి మార్చి, అంగుళాల్లో ఉన్న వ్యాసపు వర్గంతో భాగిస్తే అది వస్తుంది. పౌనుకు 7000 గ్రెయిన్లు. ఆ లెక్కన .308 వ్యాసంలో 150 గ్రెయిన్లకు .226, 180 గ్రెయిన్లకు .271, .375 వ్యాసంలో 300 గ్రెయిన్లకు .305 వస్తుంది. ఒకే నిర్మాణం ఉన్న రెండు బుల్లెట్లను పోల్చేటప్పుడు ఈ అంకె బాగా ఉపయోగపడుతుంది. నిర్మాణాలు వేరైనప్పుడు మాత్రం ఇది మౌనంగా ఉండిపోతుంది. గురిపోటీల కోసం చేసిన 180 గ్రెయిన్ల పోటీ బుల్లెట్‌కూ 180 గ్రెయిన్ల పార్టిషన్‌కూ ఇదే .271 ఉంటుంది, జబ్బ ఎముక దగ్గర వాటి నడత ఒకటి కాదు. పైగా సగం బరువు పోగొట్టుకున్న బుల్లెట్‌కు తాకిన క్షణం తర్వాత ఆ పాత అంకె వర్తించనే వర్తించదు. అందుకే మొత్తం రాగితో చేసిన బుల్లెట్ వాడేవారు ఒక మెట్టు తక్కువ బరువుకు, అంటే 180కి బదులు 165 లేదా 150 గ్రెయిన్లకు దిగినా లోతు తగ్గదు.

పోటీ బుల్లెట్ల గురించి ప్రత్యేకంగా చెప్పవలసిందే, ఎందుకంటే మీ వ్యాసం సలహాను అక్షరాలా పాటించేవారు చేరుకునేది వాటి దగ్గరికే. వాటి మొనలో కనిపించే చిన్న రంధ్రం విచ్చుకోవడానికి పెట్టింది కాదు. తొడుగును వెనక నుంచి ముందుకు మలిచే తయారీ పద్ధతి వల్ల అక్కడ అది మిగులుతుంది. జంతు శరీరంలో అలాంటి బుల్లెట్ ఒకసారి ముక్కలవుతుంది, మరోసారి విచ్చుకోకుండా సూదిలా దూసుకుపోతుంది, ఏది జరుగుతుందో ముందుగా చెప్పలేము. మ్యాచ్‌కింగ్ అనే పోటీ బుల్లెట్లను తయారు చేసే సియెర్రా సంస్థ స్వయంగా వాటిని వేటకు సిఫారసు చేయడం లేదు. అవి పనిచేశాయని చెప్పే వేటగాళ్లు ఉన్నారు, వారి మాటను నేను అబద్ధమనను. కానీ పది సార్లలో తొమ్మిది సార్లు పనిచేసే బుల్లెట్‌ను, పదోసారి దాని వల్ల గాయపడే జంతువును తలచుకుని పక్కన పెట్టడమే న్యాయం. దుప్పి గుండె, ఊపిరితిత్తులు ఉన్న చోటు వెడల్పు ఎనిమిది అంగుళాలకు తక్కువ ఉండదు. నూరు గజాల్లో అంగుళంన్నర లోపల రంధ్రాలు పడే రైఫిల్ మామూలు వేట దూరాలకు చాలు. ఆ అంగుళంన్నరను అర అంగుళానికి తగ్గించడం కోసం నమ్మదగిన బుల్లెట్‌ను వదులుకోవడం నాకు అర్థం కాని వ్యాపారం.

రాగికి మారేవారికి ఇంకో సూచన అవసరం. సీసం కంటే రాగి సాంద్రత తక్కువ, ఘన సెంటీమీటరుకు సీసం 11.3 గ్రాములైతే రాగి 8.96. కాబట్టి అంతే బరువున్న రాగి బుల్లెట్ పొడవుగా ఉంటుంది. గొట్టం లోపల మెలి తిరిగిన గాడులు, అంటే మరలు, బుల్లెట్‌ను నిలకడగా తిప్పగలగడం ప్రధానంగా దాని పొడవు మీద ఆధారపడుతుంది, బరువు మీద కాదు. 1879లో జార్జ్ గ్రీన్‌హిల్ ఇచ్చిన సూత్రం ఇప్పటికీ మొదటి అంచనాకు పనికొస్తుంది: వ్యాసపు వర్గాన్ని 150తో గుణించి బుల్లెట్ పొడవుతో భాగిస్తే, ఎన్ని అంగుళాలకు ఒక చుట్టు కావాలో తెలుస్తుంది. .308 వ్యాసంలో 1.3 అంగుళాల పొడవున్న బుల్లెట్‌కు దాదాపు 11 అంగుళాలకు ఒక చుట్టు అవసరమవుతుంది. పది అంగుళాలకు ఒక చుట్టు తిప్పే గొట్టం దానికి సరిపోతుంది, పన్నెండు అంగుళాలకు ఒక చుట్టు తిప్పే గొట్టం మీద నమ్మకం పెట్టుకోలేము. ఆ సూత్రం సీసపు బుల్లెట్ల కోసం పుట్టింది కాబట్టి రాగికి తయారీదారు పెట్టె మీద రాసిన ట్విస్ట్‌నే, అంటే ఎన్ని అంగుళాలకు ఒక చుట్టో చెప్పే అంకెనే, ప్రమాణంగా తీసుకోవాలి.

పొడవు పెరిగిన కొద్దీ బుల్లెట్ గుల్లలో లోతుగా కూర్చుని మందుకు ఉండే చోటును తగ్గిస్తుంది, ఒత్తిడి మారుతుంది. దీని నుంచే మీ వ్యాసంలో చెప్పకుండా వదిలేసిన ఒక భద్రతా విషయం పుడుతుంది. 180 గ్రెయిన్లు 180 గ్రెయిన్లే కదా అని ఒక బుల్లెట్‌కు ఇచ్చిన మందు కొలతను మరో బుల్లెట్‌కు వాడకూడదు. తొడుగు గట్టిదనం, మరలను ఒరుసుకునే భాగం పొడవు, కూర్చునే లోతు అన్నీ ఒత్తిడిని మార్చేవే. ఆ బుల్లెట్‌కే ప్రత్యేకంగా ఇచ్చిన మాన్యువల్‌లోని ప్రారంభ కొలతతో మొదలుపెట్టి, ఒత్తిడి లక్షణాలు చూసుకుంటూ కొద్దికొద్దిగా పెంచాలి. బుల్లెట్‌ను మరలకు ఆనించి కూర్చోబెడితే గురి బాగుంటుందన్న అలవాటు రాగి బుల్లెట్ల దగ్గర వదిలేయాలి. వాటికి మరల నుంచి .050 అంగుళం లేదా అంతకంటే ఎక్కువ ఎడం ఉండాలని బార్న్స్ వంటి తయారీదారులు చెబుతున్నారు.

రీకాయిల్ (పేల్చినప్పుడు తుపాకీ వెనక్కి తన్నే తాపు) ఎక్కువగా ఉన్న పెద్ద కాలిబర్లలో మ్యాగజైన్ అనే తూటాల అరలో మిగిలిన తూటాల బుల్లెట్లు గుల్లలోకి జారిపోకుండా గాడి ఉన్న బుల్లెట్‌ను ఎంచుకుని గుల్ల అంచును నొక్కడం కూడా మరచిపోరాదు. గొట్టపు మ్యాగజైన్ ఉన్న లీవర్ రైఫిళ్లలో ఒక తూటా మొన ముందున్న తూటా ప్రైమర్‌కు ఆని ఉంటుంది కాబట్టి, చదును ముక్కు బుల్లెట్‌ను గానీ, ఆ పనికే చేసిన మెత్తని రబ్బరు లాంటి మొన ఉన్నదాన్ని గానీ తప్ప వాడకూడదు.

సీసం గురించి కూడా పాఠకులకు తెలియాలి. ఎక్కువ వేగంలో చిట్లే సీసపు బుల్లెట్ వదిలే సన్నని రేణువులు గాయం చుట్టూ కనిపించే దానికంటే దూరం వెళ్తాయి. వేటాడిన దుప్పుల కళేబరాలకు తీసిన ఎక్స్‌రేలలో ఇవి వందల సంఖ్యలో కనిపించాయి. ఆ మాంసం తినేది మనుషులు, వదిలేసిన పేగులు తినేది రాబందులు, గద్దలు. కాలిఫోర్నియా కాండోర్ రాబందుల మరణాలకు సీసపు విషం ప్రధాన కారణంగా తేలింది. కాలిఫోర్నియా రాష్ట్రం 2019 జులై 1 నుంచి వేటలో సీసపు తూటాలను పూర్తిగా నిషేధించింది. ఎంత తక్కువ మోతాదైనా సీసం హానిలేనిదని చెప్పలేమని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటున్నది. రాగి బుల్లెట్ దీనికి ఒక జవాబు. రాగి వాడలేని పాత గొట్టం ఉన్నవారు బాండెడ్ బుల్లెట్‌ను తగిన వేగంలో వాడి, గాయం చుట్టూ ఉన్న మాంసాన్ని విస్తారంగా కోసి పారేస్తే ముప్పు తగ్గుతుంది, పోదు. ఇంట్లో పిల్లలు, గర్భిణులు ఆ మాంసం తినేవారైతే రాగి తప్ప మరొకటి వద్దని నేను నిస్సంకోచంగా చెబుతాను.

చివరగా, ఎంచుకున్న బుల్లెట్‌ను అడవికి తీసుకెళ్లే ముందే పరీక్షించే దారి ఉంది. నీళ్లు నింపిన ప్లాస్టిక్ డబ్బాలను వరుసగా పేర్చి, లేదా బాగా తడిపిన పాత వార్తాపత్రికల కట్టలను పేర్చి, వాటిలోకి కొట్టి, దొరికిన బుల్లెట్‌ను తూచి, ఎంత వెడల్పుగా విచ్చుకుందో కొలవవచ్చు. జంతు శరీరానికి ఇవి సమానం కావు, అయినా రెండు బుల్లెట్లను పక్కపక్కన పోల్చడానికి నిజాయితీగల సాక్ష్యం ఇస్తాయి. ఈ పరీక్షను దగ్గర్లో ఒకసారి, తాము వేటలో కొట్టదలచిన గరిష్ఠ దూరంలో మరోసారి చేయాలి. దూరపు వేగాన్ని దగ్గర్లోనే సృష్టించాలని మందును మాన్యువల్‌లోని కనిష్ఠ కొలత కంటే తగ్గించేవారున్నారు. నిదానంగా మండే మందుల విషయంలో ఇది ప్రమాదకరమైన ఒత్తిళ్లకు దారితీయవచ్చు కాబట్టి ఆ పని చేయరాదు. అంత దూరంలో డబ్బాను కొట్టలేనివారు అంత దూరంలో జంతువును కొట్టే అర్హతా తమకు లేదని గ్రహించాలి.

మీ వ్యాసంతో పాటు ప్రచురించిన పట్టికలో కాలిబర్, బరువు, గొట్టం దగ్గరి వేగం అనే మూడు వరుసలు ఉన్నాయి. దాన్ని తిరిగి ప్రచురించేటట్లయితే బుల్లెట్ నిర్మాణం, అది విచ్చుకునే కనిష్ఠ, గరిష్ఠ వేగాలు, అవసరమైన ట్విస్ట్ అనే వరుసలను కూడా చేర్చవలసిందిగా వ్యాసకర్తను, మిమ్మల్ని అభ్యర్థిస్తున్నాను. పాఠకులను పోటీ బుల్లెట్ల వైపు నడిపించే ఆ పేరాకు సవరణ మాత్రం వీలైనంత త్వరగా, వేట కాలం మొదలయ్యే లోపే ప్రచురించగలరు.

ఇట్లు,
మీ పత్రిక పాఠకుడు